చేపల తొట్టిలో నీరు మూలమూలకూ తిరగాలంటే

ఫిల్టర్ రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది, నీరు చూపుకు తేటగానే ఉంటుంది, అయినా తొట్టిలో ఒక మూల మాత్రం చేపల విసర్జనలూ తినగా మిగిలిన మేతా కలిసి గోధుమరంగు మడ్డిగా పేరుకుంటూ ఉంటాయి. తెల్లవారుజామున లైటు వేసి చూస్తే చేపలన్నీ పైకి చేరి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తూ కనిపిస్తాయి. ఇది చూడగానే చాలామంది ఇంకా పెద్ద పంపు కొనడానికి బయలుదేరుతారు. నా అభిప్రాయంలో అది అన్నిటికంటే చివర చేయవలసిన పని. ఇళ్లలో పెట్టుకునే తొట్లలో తరచుగా కొరవడేది పంపు బలం కాదు, నీటికి దారి. ఫిల్టర్ నుంచి బయటికి వచ్చిన నీరు తొట్టి అంతటా తిరిగి, మడ్డిని వెంటబెట్టుకుని మళ్లీ ఫిల్టర్ దగ్గరికి చేరాలి. ఆ దారి ఎక్కడ తెగిపోయిందో ముందు కనిపెట్టి, ఉన్న పరికరాలతోనే దాన్ని సరిచేసి, అప్పటికీ చాలకపోతేనే కొత్తది జోడించాలి. ఇక్కడ చెప్పేది మంచినీటి తొట్ల గురించి. పగడాలు పెంచే ఉప్పునీటి తొట్లకు దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ప్రవాహం కావాలి, వాటి లెక్కలే వేరు.

కదలని నీటిలో జరిగేది

గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉంటే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో కరిగి ఉండగలిగేది సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే. నీరు వేడెక్కే కొద్దీ అదీ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 8 మిల్లీగ్రాములకు కాస్త పైన, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. వేడి పెరిగినప్పుడు చేపలకు కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది కాబట్టి, ఎండ ముదిరిన రోజుల్లో తొట్టి రెండు వైపుల నుంచీ ఇబ్బందిలో పడుతుంది. ఈ కొద్దిపాటి ఆక్సిజన్ కూడా నీటి పైభాగం గుండానే లోపలికి దిగుతుంది. నిశ్చలంగా ఉన్న నీటిలో అది తనంతట తాను అడుగుకు చేరే వేగం, గాలిలో వ్యాపించే వేగంకంటే వేల రెట్లు తక్కువ. అందువల్ల పైనీటిని కిందికీ, అడుగునీటిని పైకీ ఎవరో ఒకరు చేరవేయవలసిందే. నీటి ప్రవాహం చేసే మొదటి పని ఇదే.

రెండో పని అంత సులభంగా కంటికి కనిపించదు. చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజ్‌ను, రాళ్లను, అడుగున పరిచిన గులకరాళ్లను పట్టుకుని బతుకుతాయి. అవి నీటి దగ్గరికి నడిచి వెళ్లలేవు, నీరే వాటి దగ్గరికి రావాలి, వచ్చే నీటిలో ఆక్సిజన్ కూడా ఉండాలి. నీరు చేరని మూలలో మడ్డి కుళ్లుతుంది గాని శుద్ధి కాదు. నీలిపచ్చ రంగులో దుప్పటిలా పరుచుకుని దుర్వాసన వేసే జిగురు నాచు కూడా తరచుగా ఇలాంటి మూలల్లోనే మొదలవుతుంది.

వేడిని పంచడం మూడో పని. హీటర్‌ను కదలిక లేని మూలలో పెడితే దాని చుట్టూ ఉన్న నీరు త్వరగా వేడెక్కి, లోపలి థర్మోస్టాట్ తొట్టి అంతా వెచ్చబడిందనుకుని ఆగిపోతుంది. అవతలి చివర నీరు చల్లగానే మిగిలిపోతుంది.

ముందుగా చూడవలసినవి

ఏదైనా మార్చే ముందు ఒక సాయంత్రం తొట్టి ముందు కూర్చుని నీరు ఎటు పోతోందో గమనించాలి. దీనికి చవకైన, నమ్మకమైన సాధనం ఒక సన్నని పుల్ల, దాని చివర కట్టిన జానెడు తేలికపాటి దారం. పుల్లను తొట్టిలో ఒక్కొక్క చోట ముంచి, చేయి కదలకుండా పది సెకన్లు ఉంచితే, దారం ఏ దిక్కుకు ఎగురుతోందో, ఎంత గట్టిగా ఎగురుతోందో తెలుస్తుంది. నాలుగు మూలల్లో, పైన, మధ్యలో, అడుగున, ఇలా పన్నెండు చోట్ల చూసి ఒక కాగితం మీద బాణం గుర్తులు వేసుకుంటే తొట్టి పటం సిద్ధమవుతుంది. దారం వేలాడిపోయిన చోటే నీరు నిద్రపోతున్న చోటు. పొడిచేసిన మేతను చిటికెడు, నీరు బయటికి వచ్చే ఫిల్టర్ నోటి ముందు వదిలి, ఆ రేణువులు ఎక్కడిదాకా వెళ్లి ఎక్కడ కిందికి దిగుతున్నాయో చూడటం మరో పద్ధతి. అయితే చేపలు ఆ పరీక్షను మధ్యలోనే తినేస్తాయి కాబట్టి నేను దారాన్నే ఎక్కువ నమ్ముతాను. రంగు నీళ్లు కలిపి చూడవలసిన అవసరం ఏమీ లేదు.

థర్మామీటర్ ఉంటే తొట్టికి రెండు చివరలా, అడుగుకు దగ్గరగా ఒకసారి, పైన ఒకసారి చదవాలి. ఒక డిగ్రీకి మించిన తేడా కనిపిస్తే నీరు సరిగా కలవడం లేదని అర్థం.

తరువాత లెక్క వేసుకోవాలి. తొట్టి లోపలి పొడవు, వెడల్పు, నీటి లోతు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న తొట్టిని 182 లీటర్ల తొట్టి అంటాము. అడుగున 5 సెంటీమీటర్ల గులకరాళ్లు, పైన 3 సెంటీమీటర్ల ఖాళీ తీసేస్తే అందులో ఉండే నీరు సుమారు 150 లీటర్లే. మామూలు మంచినీటి తొట్టిలో గంటకు నీరంతా నాలుగైదు సార్లు ఫిల్టర్ గుండా తిరిగితే చాలునన్నది అక్వేరియం పెంచేవారు సాధారణంగా పాటించే లెక్క. ఆ ప్రకారం ఈ తొట్టికి గంటకు 600 నుంచి 750 లీటర్లు కావాలి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పంపు డబ్బా మీద రాసిన అంకె, లోపల స్పాంజ్ గాని ఇతర వడపోత సరుకు గాని లేకుండా, నీటిని ఏమాత్రం ఎత్తుకు ఎక్కించనవసరం లేనప్పుడు వచ్చే ప్రవాహం. స్పాంజ్ నింపి, పైపులో రెండు వంపులు పెట్టి, నీటిని పైకి ఎక్కించిన తరువాత అది చాలా తగ్గుతుంది. మడ్డి పట్టిన కొద్దీ ఇంకా తగ్గుతుంది. కాబట్టి డబ్బా మీది అంకెను కాక, అసలు ప్రవాహాన్ని కొలవాలి. బయట పెట్టే క్యానిస్టర్ ఫిల్టర్ అయితే నీరు తిరిగి వచ్చే పైపును 5 లీటర్ల బకెట్‌లోకి మళ్లించి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 30 సెకన్లు పడితే గంటకు 600 లీటర్లు, 60 సెకన్లు పడితే 300 లీటర్లు. బకెట్‌ను నేల మీద పెట్టకుండా తొట్టిలోని నీటి మట్టానికి దగ్గరగా ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే నీరు కిందికి జారే ఊపు తోడై అంకె ఎక్కువగా వస్తుంది.

కొనే ముందు కడగండి

ప్రవాహం తగ్గిన తొట్లలో సగానికి మందు ఒక పాత టూత్ బ్రష్. ఈ మాట తమాషాకు అనడం లేదు. ఏ పంపులోనైనా నీటిని తోసేది ఇంపెల్లర్ అనే చిన్న రెక్కల చక్రం. దాని మధ్య అయస్కాంతం ఉంటుంది. ఆ అయస్కాంతం తిరిగే గూడులో జిగురు, సున్నపు పొర, నత్త గుల్లల ముక్కలు, మొక్కల పీచు చేరతాయి. పంపు శబ్దం చేయడం మొదలుపెట్టిందంటే ఇంపెల్లర్ మురికి పట్టిందనో, దాని ఇరుసు అరిగిందనో ముందుగా అనుమానించాలి. ప్లగ్గు తీసి, మూత విప్పి, చక్రాన్ని బయటికి లాగి, గూడుతో సహా బ్రష్‌తో రుద్ది మళ్లీ అమర్చడానికి పది నిమిషాలు పడుతుంది. సున్నపు పొర వదలకపోతే చక్రాన్ని కొంతసేపు వెనిగర్‌లో నానబెట్టి, మంచినీటితో బాగా కడిగి పెట్టవచ్చు.

పైపుల సంగతి ఇంకా తేలికగా మరిచిపోతాము. క్యానిస్టర్ ఫిల్టర్ గొట్టాల లోపలి గోడలకు గోధుమరంగు జిగురు కొద్దికొద్దిగా పట్టి, నీరు పోయే సందును సన్నం చేస్తుంది. ఆ మార్పు నెలల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి రోజూ చూసే కంటికి తెలియదు. పొడవాటి తీగకు రెండు చివరలా కుచ్చు ఉన్న బ్రష్‌తో మూడు నాలుగు నెలలకోసారి గొట్టాలు తోమితే ప్రవాహంలో తేడా వెంటనే కనిపిస్తుంది. నీటిని లాక్కునే గొట్టం చివర ఉండే జల్లెడను మాత్రం వారానికోసారైనా చూడాలి, ఎందుకంటే ఒక్క పెద్ద ఆకు దానికి అడ్డం పడితే తొట్టి ప్రవాహం అంతా ఆగిపోతుంది.

స్పాంజ్‌ను కడిగేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. క్లోరిన్ కలిసిన కుళాయి నీటి కింద పిండితే అందులో బతికే బాక్టీరియా చనిపోవచ్చు. నీరు మార్చేటప్పుడు తొట్టి నుంచి తీసిన నీటినే ఒక బకెట్‌లో ఉంచుకుని, స్పాంజ్‌ను అందులో రెండు మూడు సార్లు పిండితే చాలు. అది కొత్తదానిలా మెరవనవసరం లేదు. ఫిల్టర్‌లోని సరుకంతా ఒకే రోజు కడగకుండా, ఒక భాగం ఈసారి, మరో భాగం రెండు వారాల తరువాత కడగాలి.

నీటికి దారి చూపడం

కడిగిన తరువాత మళ్లీ దారం పట్టుకుని చూడాలి. అప్పటికీ నిద్రపోయే మూలలు మిగిలితే, నీరు బయటికి వచ్చే నోటి దిక్కు మార్చాలి. మనసులో పెట్టుకోవలసిన చిత్రం ఒక్కటే: నీరు పైభాగంలో తొట్టి పొడవునా సాగి, అవతలి గోడను తాకి కిందికి దిగి, అడుగు వెంబడి వెనక్కి వచ్చి, మడ్డిని లాక్కునే గొట్టం దాకా తెచ్చి అప్పగించాలి. ఇలాంటి ఒకే పెద్ద చుట్టు ఏర్పడాలంటే నీరు వచ్చే నోరూ, లాక్కునే గొట్టమూ తొట్టికి ఒకే చివర ఉండటం పొడవైన తొట్లలో బాగా పనిచేస్తుంది. నోరు పైన, పొడవాటి గోడకు సమాంతరంగా ఉండాలి. లాక్కునే గొట్టం అడుగుకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. రెండింటినీ పక్కపక్కనే ఒకే ఎత్తులో పెడితే మాత్రం శుభ్రమైన నీరు బయటికి వచ్చీ రాగానే తిరిగి లోపలికి పోతుంది; తొట్టిలో మిగిలిన నీటికి ఆ సంగతే తెలియదు.

నోటిని ముందు అద్దానికి ఎదురుగా, అంటే తొట్టి వెడల్పుకు తిప్పి పెట్టడం మరో సాధారణ పొరపాటు. నీరు 30, 40 సెంటీమీటర్లు వెళ్లి అద్దాన్ని కొట్టుకుని రెండుగా చీలి ఊపు కోల్పోతుంది. అదే నోటిని పొడవు వైపు తిప్పితే, ఒక్క పైసా ఖర్చు లేకుండా, అదే పంపు రెట్టింపు పనిచేసినట్టు అనిపిస్తుంది. ఒకే చోట గట్టిగా చిమ్మే నోటికి బదులు వరుసగా చిన్న రంధ్రాలున్న స్ప్రే బార్ అమర్చితే నీరు విశాలంగా, మెత్తగా పారుతుంది. దాన్ని పొట్టి గోడ మీద అమర్చి, రంధ్రాలు నీటి పైభాగం వైపు కాస్త ఎత్తి చూసేలా తిప్పితే పైపొర కూడా కదులుతుంది. రంధ్రాలు ఎక్కువై ఊపు చాలకపోతే చివరి రెండు మూడింటిని మూసేయవచ్చు.

ఇంతా చేసి రాళ్ల గుట్ట ముందు ఓడిపోవడం కూడా జరుగుతుంది. వెనుక అద్దానికి ఆనించి గోడ కట్టినట్టు పేర్చిన రాళ్లు, దుంగలు చూడటానికి అందంగానే ఉంటాయి గాని వాటి వెనుక ఏర్పడే ఇరుకు సందులోకి ఏ పంపూ నీటిని పంపలేదు. నా మొదటి తొట్టిలో అలంకరణ మీద మోజుతో ఇలాగే కట్టి, ఏడాది తరువాత ఆ రాళ్లు ఎత్తినప్పుడు వచ్చిన వాసన ఇప్పటికీ గుర్తుంది. రాళ్లకూ అద్దానికీ మధ్య కనీసం నాలుగు వేళ్లు పట్టేంత సందు వదలాలి, పెద్ద రాళ్ల అడుగున సొరంగాల్లాంటి ఖాళీలు ఉంచాలి, దట్టమైన మొక్కలను అడుగు వెంబడి వచ్చే ప్రవాహానికి అడ్డుగోడలా కాకుండా అటూ ఇటూ గుంపులుగా నాటాలి.

పైపొర కదలాలి

బుడగలు ఎక్కువగా వస్తే ఆక్సిజన్ ఎక్కువగా వస్తుందని నమ్మేవారు చాలామంది ఉన్నారు. బుడగ పైకి చేరే ఆ రెండు మూడు సెకన్లలో దాని నుంచి నీటిలోకి కరిగేది కొద్దిపాటే. బుడగలు చేసే అసలు మేలు వేరు: అవి పైకి లేస్తూ అడుగునీటిని వెంట తీసుకువస్తాయి, పైభాగంలో పగిలి నీటిని కదుపుతాయి. గాలిని బుడగలుగా వదిలే ఎయిర్ స్టోన్‌ను అడుగున, అందులోనూ దారం వేలాడిపోయిన మూలలో పెట్టమని చెప్పడానికి కారణం ఇదే. మధ్యలో అలంకారంగా పెడితే అప్పటికే కదులుతున్న నీటినే అది మళ్లీ కదుపుతుంది. కాలక్రమంలో దాని రంధ్రాలు మూసుకుపోయి పంపు మీద బరువు పడుతుంది కాబట్టి, బుడగలు పెద్దవిగా, ఒకే పక్క నుంచి వస్తుంటే కొత్తది మార్చాలి.

నీటి మీద నూనె తెట్టులాంటి పలుచని పొర ఏర్పడితే అది వాయువుల రాకపోకలకు అడ్డుపడుతుంది. ఒక కాగితాన్ని నీటి మీద పరిచి మెల్లగా ఎత్తితే ఆ పొర దానికి అంటుకుని వస్తుంది. అయితే అది మళ్లీ రాకుండా చేసేది మాత్రం ఫిల్టర్ నోటిని కాస్త పైకెత్తి పైభాగంలో సన్నని అలలు కల్పించడమే. నీరు ఎగసి చిందనవసరం లేదు, లైటు వెలుగు అడుగున వణుకుతూ కనిపిస్తే సరిపోతుంది. అద్దం మూత పూర్తిగా బిగించి ఉంటే కింద గాలి మారదు కాబట్టి ఒక పక్క సందు వదలాలి.

మొక్కలు ఎక్కువగా ఉండి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. పైపొరను బాగా కదిపితే ఆ వాయువు కూడా తొందరగా ఎగిరిపోతుంది. అయితే రాత్రి వెలుగు లేనప్పుడు మొక్కలు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. తెల్లవారేసరికి తొట్టిలో ఆక్సిజన్ అత్యల్పంగా ఉండటానికి ఇదే కారణం. పగలు అలలు తగ్గించి, లైటు ఆరే వేళకు వాయువు ఆపి ఎయిర్ పంప్ నడిచేలా టైమర్ పెట్టుకోవడం మంచి ఏర్పాటు. ఆకులు నెమ్మదిగా ఊగుతుంటే ప్రవాహం సరిపోయిందని అర్థం. ఒకే వైపుకు వంగి అలాగే ఉండిపోతుంటే మితిమీరింది.

కొత్త పరికరం ఎప్పుడు

కడిగి, దిక్కు మార్చి, రాళ్లు సర్దిన తరువాత కూడా దారం కదలని చోటు మిగిలితే అప్పుడు కొనవచ్చు. 60 సెంటీమీటర్ల లోపు తొట్టికి, పిల్లచేపలు, రొయ్యలు ఉన్న తొట్టికి ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి అదనంగా పెట్టడం నాకు అన్నిటికంటే నచ్చిన మార్గం. అది నీటిని కదుపుతుంది, వడపోస్తుంది, ఏ ప్రాణినీ లోపలికి లాగదు. 120 సెంటీమీటర్లు, అంతకు మించిన పొడవున్న తొట్టిలో ఒక చివర నుంచి వచ్చే ప్రవాహం అవతలి చివరకు చేరేసరికి అలసిపోతుంది. అక్కడ నీటిలో మునిగి ఉండి ప్రవాహాన్ని తోసే చిన్న పంపు, అంటే పవర్ హెడ్ గాని వేవ్ మేకర్ గాని ఉపయోగపడుతుంది. దాన్ని మొదటి ప్రవాహానికి ఎదురుగా కాకుండా అది తిరిగే చుట్టులోనే, అదే దిక్కుకు తోసేలా పెట్టాలి. ఎదురెదురు ప్రవాహాలు ఢీకొన్న చోట మడ్డి కిందికి దిగి కుప్పపడుతుంది. వేగాన్ని తగ్గించే వీలున్న పరికరాన్ని ఎంచుకుని తక్కువ వేగంతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి కొద్దిగా పెంచుతూ చేపలను గమనించాలి.

చేపల మాటే ఆఖరి మాట. జీబ్రా డానియోలు, కొండవాగుల్లో రాళ్లను అంటిపెట్టుకుని బతికే లోచ్ చేపలు ప్రవాహానికి ఎదురీదుతూ ఆనందంగా ఉంటాయి. పొడవాటి రెక్కల ఫైటర్ చేప, గుండ్రటి ఒడలున్న గోల్డ్‌ఫిష్ రకాలు, ఏంజెల్ చేప అదే నీటిలో అలసిపోతాయి. ఫైటర్, గౌరామి చేపలు పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు, పీల్చుకోవాలి కూడా. అందుకే వాటికి పైభాగంలో ఒక చోటైనా ప్రశాంతమైన నీరు ఉండాలి. చేపలు ఎప్పుడూ రాయి చాటునే ఉండిపోవడం, మేత నోటికి అందకముందే కొట్టుకుపోవడం, రెక్కలు ముడుచుకోవడం, అడుగున ఇసుక గుంటలు పడటం ప్రవాహం ఎక్కువైందని చెప్పే గుర్తులు. అప్పుడు నోటిని అద్దం వైపు తిప్పి ఊపు విరచవచ్చు, నోటికి ముతక స్పాంజ్ తొడగవచ్చు, ముందు ఒక మొక్కల గుంపు నాటవచ్చు. చేపలు పైకి వచ్చి గుటకలు వేయడం ఆక్సిజన్ కొరత వల్లనే కాక అమ్మోనియా, నైట్రైటు పెరిగినా, మొప్పలకు జబ్బు చేసినా జరుగుతుంది కాబట్టి, ప్రవాహం పెంచినా ఆ లక్షణం తగ్గకపోతే వెంటనే నీటిని పరీక్షించి కొంత నీరు మార్చాలి.

విద్యుత్తు సంగతి

నీటిలో చేయి పెట్టే ముందు హీటర్‌తో సహా ప్లగ్గులన్నీ తీసివేయాలి. పరికరాల తీగలు ప్లగ్గుకు చేరే ముందు ఒకసారి దానికంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా ఉంచితే, తీగ వెంబడి జారే నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. ఎయిర్ పంప్‌ను నీటి మట్టం కంటే పైన పెట్టాలి. కింద పెట్టవలసి వస్తే గొట్టంలో చెక్ వాల్వ్ తప్పనిసరి. అది లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి పారి పంపును, నేలను కూడా తడుపుతుంది.

కరెంటు ఎక్కువసేపు పోతే బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ చేపలను కాపాడుతుంది. అది లేనప్పుడు ఒక గిన్నెతో తొట్టి నీరే తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి పోయడం కొంతసేపటికోసారి చేస్తుండాలి, కరెంటు వచ్చేదాకా మేత వేయకూడదు. మూసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే లోపలి నీటిలో ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చచ్చి కుళ్లడం మొదలవుతుంది. అలాంటప్పుడు కరెంటు రాగానే మీట నొక్కకుండా, దాన్ని విప్పి లోపలి నీరు పారబోసి, స్పాంజ్‌లను తొట్టి నీటితో కడిగిన తరువాతే మళ్లీ నడపాలి.